లప్పం పూయని తలుపు

కారు అమ్మాలనుకున్న మరుసటి పొద్దే మా ఇంటాయన దాని ఎడమపక్క తలుపు ముందర కూలబడి, దాని మీదున్న పొడుగు గీతను వేలితో రుద్దతా, "దీన్ని టింకరింగుకు ఇయ్యల్ల" అన్నాడు. "లప్పం పూసి రంగు కొట్టిస్తే కొత్తదాని మాదిరి ఉంటాది."

"ఉన్నది ఉన్నట్లే అమ్ముతా" అన్నా నేను.

"నీకు తెల్దు, గమ్మునుండు."

గమ్మునుండాలంట! బండి నాది. నా జీతంలో కంతులు కట్టి కొన్న బండి. నందికొట్కూరులో మా ఇంటి నుంచి నేను పాఠాలు చెప్పే ఊరికి రోజూ నేనే తోలుకొని పోయిన బండి. ఇంకొక మాట గూడా చెప్పల్ల. మా ఇంటాయనకు కారు తోలేది రాదు. మోటారు సైకిలు మీద జిల్లా అంతా తిరిగొస్తాడు గానీ స్టీరింగు ముట్టుకోడు. నేర్చుకోమంటే "నాకేం పని?" అంటాడు.

మా వీధిలో ఇంకొక వింత. మగోడు కారు కొన్న వారానికే "ఆయప్ప కారు తోల్తాండాడు" అంటారు. నేనేమో ఏండ్ల తరబడి తోల్తాండా, కడప దాకా ఒక్కదాన్నే పొయ్యొచ్చినా, అయినా "టీచరమ్మ కారు నేర్చుకుంటాంది" అనే అంటారు. పాలాయన అంటాడు, పక్కింటామె అంటాది. మా ఇంటాయన గూడా ఫోన్లో చుట్టాలకు "ఆ, నేర్చుకుంటాంది" అనే చెప్తాడు. ఒకసారి కడుపు మండి, "ఏం సామీ, నీకు వండి పెట్టబట్టి ఇన్నేండ్లాయె, అది గూడా ఇంకా నేర్చుకుంటాండానా?" అని అడిగినా. నవ్వినాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ గీత సంగతి చెప్తా. ఒక ఎండాకాలం మధ్యాన్నం ఆయనకు కిడ్నీలో రాయి కదిలింది. నడుం పట్టుకొని బండల మీద దొర్లుతాండాడు, "సచ్చిపోతాండానే" అని కేకలు. లేపి, వెనక సీట్లో పండుకోబెట్టి, బండి రివర్సు తీసినా. మా గేటుకు అటొకటి ఇటొకటి కడప బండలు నాటించింది ఆయనే, మనసులో తన మోటారు సైకిలును పెట్టుకొని. కారు దూరాలంటే ఊపిరి బిగబట్టల్ల. వెడల్పు చేయించమని ఎంత మొత్తుకున్నా విన్లేదు. ఆ పొద్దు తొందరలో బండరాయి తలుపును ఈ కొస నుంచి ఆ కొస దాకా గీరేసింది. కర్రుమన్న చప్పుడు నాకు వినపడింది. దిగి చూస్తా నిలబడితే మనిషి దక్కుతాడా? కర్నూల్లో ఆస్పత్రి వాకిట్లోనే ఆపినా.

ఆ గీతకు లప్పం పూస్తాడంట, లప్పం!

ఈలోపల మా మరిది ఒక బ్రోకరును పిల్చుకొచ్చినాడు. ఆయన బండి చుట్టూ తిరిగి, "అక్కా, ఈ గీత తీపిచ్చేయండి. ఇంకోటి, ఎవరన్నా అడిగితే సారు తోలిన బండి అని చెప్దాం. ఆడోళ్లు తోలినారంటే క్లచ్చి పోయింటాదని బేరం విరగ్గొడతారు" అన్నాడు.

"అట్లే చెప్దాం లేప్పా" అన్నాడు మా ఇంటాయన, నా మొఖం చూడకుండా.

నాకు ఒళ్లు మండిపోయింది. తలుపు మీద గీతను చెరిపేస్తారు, నోటి మాటతో నన్నూ చెరిపేస్తారు. ఇన్నేండ్లు ఎండనకా వాననకా ఈ బండి తోలిన మనిషే లేదన్నట్లు.

"లప్పమూ వద్దు, అబద్ధమూ వద్దు" అన్నా. "తలుపుకు కొత్త రంగు చూస్తే ఎవరైనా బండి యాడనో బోల్తా పడిందనుకుంటారు. గీతను చూస్తే గీతే అనుకుంటారు. ధర తగ్గితే తగ్గనీ. ఇది నేను తోలిన బండి, అట్లనే చెప్పి అమ్ముతా."

బ్రోకరు నెత్తి గోక్కున్నాడు. మా ఇంటాయన అలిగి మాటలు మానేసినాడు. మానేస్తే మానేసె, ఇల్లు శానా ప్రశాంతంగా ఉండె.

ఆదివారం ఒకాయన బండి చూడను వచ్చినాడు. రాజంపేట మనిషి, మా ఊర్లో విత్తనాల అంగడి పెట్టుకున్నాడు. కుండ కొనేటోళ్లు కొట్టి చూసినట్ల తలుపులన్నీ వేలి కణుపుతో కొట్టి, చెవి పెట్టి విన్నాడు. "యాడా లప్పం లేదు, అంతా కంపెనీ రంగే" అన్నాడు తృప్తిగా. నేను మా ఇంటాయన వైపు చూసినా. ఆయన చెప్పుల వైపు చూసుకుంటాండాడు.

అంతలో బ్రోకరు ఎగబడి, "సారు ఒక్కరే తోలిన బండప్పా, శానా పద్ధతిగా తోలినారు" అనేసినాడు.

నేను నోరు తెరిచేలోపలే ఆ రాజంపేట ఆయన బండికున్న తాళంచెవి తీసి మా ఇంటాయన చేతిలో పెట్టినాడు. "అయితే సార్, మీరే ఒక రౌండు తోలండి. నేను పక్కన కూర్చొని ఇంజను చప్పుడు వింటా."

బ్రోకరు ఉన్నట్టుండి ఫోను చూసుకోబట్టినాడు. "మా ఇంటాయనకు ఒంట్లో బాగలేదు, నేను తోల్తాలే" అని నేను ఒక్క మాట చెప్పింటే సరిపోయేది. అట్ల కాపాడను నాకు బాగా అలవాటే. ఆ పొద్దు కాపాడలేదు. చేతులు కట్టుకొని నిలబడినా. ఏం చెప్పుకుంటాడో చెప్పుకోనీ.

ఆయన తాళంచెవి వైపు చూసినాడు, నా వైపు చూసినాడు. పక్కింటామె గోడ మీద నుంచి తొంగి చూస్తాంది.

"నాకు కారు తోలేది రాదప్పా" అన్నాడు. పక్కనున్నాయనకు గూడా వినపడలేదు. ఏమన్నారని రాజంపేట ఆయన మళ్లా అడిగినాడు. ఈసారి మా ఇంటాయన వీధంతా వినపడేటట్లు చెప్పినాడు. "నాకు రాదు. మొదట్నుంచీ ఈ బండి తోలింది మా ఆమె. నేను ఊరికే కూర్చునేటోన్ని."

వచ్చి తాళంచెవి నాకిచ్చినాడు. రాజంపేట ఆయన నా పక్కన కూర్చున్నాడు, మా ఇంటాయన వెనక ఎక్కినాడు. బండిని ఆత్మకూరు రోడ్డు పట్టించినా. వెనక చూసుకునే అద్దంలో మా ఇంటాయన మొఖం కనపడతాది, అయినా చూడలేదు. చూసింటే ఏడ్చేసేదాన్ని, ఎదురుగా లారీ వస్తాంది.