వెనక సీటు దులిపేవాడు

బచ్చన్నపేటలో ఉండే నా మిత్రుడిని తలుచుకుంటే ముందు అతని తువ్వాల గుర్తొస్తుంది. బండి మీద ఎవరిని ఎక్కించుకున్నా, ఆ తువ్వాలతో వెనక సీటు దులిపి, "కూసో" అనేవాడు.

బోరు వేయించడానికి ప్రామిసరీ నోటు రాసిచ్చి నా దగ్గర అప్పు తీసుకున్నాడు. ఆ తర్వాత వరసగా అతని పత్తి దెబ్బతిన్నది. నోటుకు మూడేళ్లు నిండుతున్నాయి, దాటితే చెల్లదు అని వకీలు తొందరపెడితే జనగామ కోర్టులో కేసు వేశాను. ఇక అతను నా ముఖం చూడడనుకున్నాను.

మొదటి వాయిదా నాడు మా ఊరి స్టేజీ దగ్గర బస్సు కోసం నిలబడి ఉంటే అతని బండి వచ్చి ఆగింది. దిగి సీటు దులిపాడు.

"ఇద్దరం పోయేది ఒక్క కాడికే గదరా. బస్సు కిరాయి దండుగ. కూసో."

మేమిద్దరం ఒకే బండి దిగడం చూసి మా వకీలు తల పట్టుకున్నాడు. "కేసు నడవాల్నా, వద్దా?" అని నన్ను కసిరాడు. తర్వాత ప్రతి వాయిదాకూ అలాగే వెళ్లాం, కాకపోతే కోర్టు గేటుకు కొంచెం ముందే దిగేవాణ్ని.

చివరికి లోక్ అదాలత్‌లో రాజీ పడ్డాం. ఆ ఏడు పత్తి బాగా వచ్చింది. అసలంతా అదాలత్‌లోనే నా చేతిలో పెట్టాడు, వడ్డీ నేనే వద్దన్నాను. తలొంచుకుని బస్టాండు వైపు నడిచాను.

వెనక నుంచి బండి వచ్చి ఆగింది. భుజం మీది తువ్వాల తీశాడు.

"ఏందిరా, కేసు అయిపోంగనే బస్సు యాదికొచ్చిందా? కూసో."