మాజీ మంత్రిగారు నిలబడని వరండా

రిటైరైన రాజకీయ నాయకుల ఆత్మకథలు అచ్చువేసే ఆ ప్రచురణ సంస్థలో నిజానిజాలు తేల్చే గురుతర బాధ్యత సందేహాలమ్మది. ఆ పేరు ఆఫీసువాళ్లు పెట్టింది. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్లకి మాత్రమే గుర్తు.

ఆవిడ పద్ధతి ఒక్కటే. రాసిన వాక్యాన్ని, ఆ సంగతి కళ్లారా చూసినవాళ్లకి చదివి వినిపించాలి. వాళ్లు "నిజమే" అంటేనే పక్కన టిక్కు. సాక్షులందరూ ఎనభైల్లో పడ్డవాళ్లే కావడంతో అరిచి చదవక తప్పదు. ఏళ్ల తరబడి సాగిన ఈ దేశసేవలో ఆవిడ గొంతు మైకు అక్కర్లేని స్థాయికి ఎదిగింది. ఇంట్లో "ఏమండీ, ఉప్పు ఇటివ్వండి" అన్నా మొగుడు ఉలిక్కిపడి లేచి నిలబడతాడు.

ఈసారి ఒక మాజీ మంత్రిగారి పుస్తకం. వంతెనలు, కాలువలు అన్నీ తేలిపోయాయి. ఒక్క వాక్యం మిగిలింది: "మా అమ్మాయి పుట్టిన రోజున ఆసుపత్రి వరండాలో కాలు నిలవక తిరిగాను."

సాక్షి ఆయన భార్య. సందేహాలమ్మ వాళ్లింటికి వెళ్లేసరికి మంత్రిగారు ముందుగదిలో పేపరు మొహాన కప్పుకుని కునుకు తీస్తున్నారు. వంటింట్లో ఆయన భార్య బఠానీలు ఒలుస్తోంది. వాక్యం వినగానే ఆమె వేళ్లు ఆగాయి.

"టిక్కు పెట్టేయమ్మా."

"నిజమేనాండీ?"

"పెట్టేయమంటున్నాగా!"

"నిజమే అని మాత్రం అనలేదు మీరు."

"నీకు పుణ్యం ఉంటుంది, మెల్లగా మాట్లాడు" అందామె, తలుపువైపు చూస్తూ. "ఆయన ఎన్నికల తిరుగుళ్లలో ఉన్నారు. మూడో రోజుకి గానీ రాలేదు. పిల్లకి ఊహ తెలిశాక, నేను పుట్టినప్పుడు నాన్న ఎక్కడున్నాడని అడిగింది. వరండాలోనే అన్నాను. ఏం చెప్పమంటావు మరి? వినీ వినీ ఆయనా అదే నిజమనుకున్నారు. దానికి యాభై దాటాయి, ఇప్పటికీ అడిగి చెప్పించుకుంటుంది. ఈ ఒక్కదానికీ చూసీ చూడనట్టు పో తల్లీ."

సందేహాలమ్మ మనసు కరిగింది. గొంతు మాత్రం కరగలేదు.

"అంటే ఆ రోజు ఆయన రానే లేదా!" అంది, తనకు తెలిసిన గుసగుసలో.

ముందుగదిలో పేపరు జారిపడిన చప్పుడైంది. కాసేపటికి మంత్రిగారు గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. భార్య మొహం పాలిపోయింది.

"నాకు గుర్తుందే" అన్నారాయన. "మర్చిపోయాననుకున్నావా?"

"మరి ఇన్నేళ్లూ నోరు విప్పలేదేం?"

"నన్ను కాపాడదామనే కదా చెప్పావు. కాదంటే పిల్ల దగ్గర నీ మాట పోదూ?" ఆయన సందేహాలమ్మవైపు తిరిగారు. "రాసుకోమ్మా. ఆ రోజు నేను లేను. ఉన్నానని మా ఆవిడ చెప్పింది. ఆ మాటకి తగ్గట్టు ఉండాలని, ఆ తర్వాత ప్రతి పుట్టినరోజుకీ ఇంట్లోనే ఉన్నాను."

సందేహాలమ్మ రాసుకుంది, చదివింది, సాక్షివైపు చూసింది. "ప్రతి పుట్టినరోజుకీనా అండీ?"

ఆమె కళ్లు తుడుచుకుంటూనే వేళ్లు మడిచింది. "రెండు తప్ప."

"వరదలొచ్చాయి కదే!"

"ఒకదానికి వరద. రెండోదానికి సన్మానం."

"రెండు తప్ప" అని చేర్చాక టిక్కు పడింది.

"పాపకి ఫోను కలుపు" అన్నారు మంత్రిగారు, బఠానీల గిన్నె పక్కకి జరిపి కూర్చుంటూ. "అచ్చులో చూసి తెలుసుకోకూడదు అది. నేనే చెబుతాను. నువ్వు మాత్రం ఎక్కడికీ లేవకు."

"ఎక్కడికి పోతానండీ" అంటూ ఆమె నంబరు నొక్కింది.