మాట ఆగిన చోట కత్తెర వేయలేదు

మా నాయనకు నత్తి. నాకూ నత్తే. ముప్పై ఆరేళ్లు ఒకే ఇంట్లో ఉండి కూడా ఆ సంగతి ఒకరితో ఒకరం ఒక్కసారైనా మాట్లాడుకోలేదు. నేను సినిమా తీయడం మొదలుపెట్టింది అందుకే. కళ మీద మోజుతో కాదు.

చిక్కపేట వెనక సందులో మాకు దారాల అంగడి ఉంది. దర్జీలకు కావలసిన రీళ్లు, గుండీలు, లైనింగ్ గుడ్డ అమ్ముతాం. అంగడి వెనకే ఇల్లు. తాత కాలం నుంచీ అక్కడే ఉన్నాం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ; నాయనకు రెండింటిలోనూ మాట ఇరుక్కుంటుంది. దర్జీ ఒక గుడ్డముక్క తెచ్చి చేతికిస్తే ఆయన దాన్ని గడప దగ్గరికి తీసుకుపోయి, ఎండ వెలుగులో ఒకసారి చూసి, లోపలికి వచ్చి సరిగ్గా ఆ రంగు రీలు తీసి బల్ల మీద పెడతారు. ధర డబ్బా మీద పెద్ద అంకెలతో రాసి ఉంటుంది. బేరం లేదు. చిన్నప్పుడు అది ఆయన వ్యాపారం చేసే పద్ధతి అనుకొనేవాణ్ణి. నోరు తెరవకుండా రోజంతా గడిచిపోయేలా ఆయన ఆ అంగడిని అమర్చుకున్నారని చాలా ఏళ్లకు గాని నాకు అర్థం కాలేదు.

నాకు అలాంటి అంగడి దొరకలేదు. బడిలో హాజరు పిలిచినప్పుడు 'ప్రెజెంట్ సార్' అనాలి. 'ప్ర' దగ్గరే పెదవులు అతుక్కుపోయేవి. చెయ్యి ఎత్తి నిలబడితే, సారు పుస్తకంలోంచి తల ఎత్తకుండా గైర్హాజరు వేసి తర్వాతి పేరుకు పోయేవారు. ఎదురుగా నిలబడి ఉన్న పిల్లవాణ్ణి రాలేదని రాయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

చదువయ్యాక మహదేవపురలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం వచ్చింది. తప్పులు వెతికి రాసిపెట్టే పని కాబట్టి నోటికి పెద్దగా పని లేదు. కాని వారానికోసారి ఆన్‌లైన్ మీటింగులో నా వంతు మాట్లాడాలి. నేను కెమెరా ఆపేసి కూర్చునేవాణ్ణి. ఒక మంగళవారం నా వంతు వచ్చింది. మొదటి మాటే రాలేదు. గొంతులో గాలి బిగుసుకుపోయింది. మా మేనేజరు, "మీ నెట్‌వర్క్ పోయినట్టుంది, వాయిస్ రావట్లేదు," అన్నాడు. నెట్‌వర్క్ బాగానే ఉంది. కాని నేను చాట్‌లో 'అవును, నెట్‌వర్క్ ప్రాబ్లం' అని టైపు చేసి పంపాను. వాళ్లు తర్వాతి మనిషి దగ్గరికి వెళ్లిపోయారు.

ఆ అబద్ధం నన్ను వారమంతా తొలిచింది. అప్పుడు సారు నన్ను లేనట్టు రాశారు. ఇప్పుడు ఆ పని నాకు నేనే చేసుకున్నాను.

ఆ ఆదివారం పొద్దున కిటికీ ముందు కూర్చుని, ఫోనును పుస్తకాలకు ఆనించి, రికార్డింగు నొక్కి, నా పేరు, ఊరు, పని చెప్పాను. నాలుగు వాక్యాలకు రెండు నిమిషాలు పట్టింది. వెనక్కి తిప్పి చూసుకున్నాను. మాట ఇరుక్కున్నప్పుడు నా ముఖం ఎలా ఉంటుందో అంతకుముందు నేను చూడలేదు. కళ్లు గట్టిగా మూసుకుంటాను. గడ్డం ఎడమవైపుకు లాగుతుంది. అచ్చం నాయనే.

ఆయన్ని కూడా తీయాలనుకున్నాను. ఆఫీసులో నా పక్క సీటు మిత్రుడు విజయవాడవాడు. అతని దగ్గర పెళ్లిళ్లు తీసే పెద్ద కెమెరా ఉంది. "బ్రో, లైట్స్ కూడా తెస్తా, ప్రాపర్‌గా చేద్దాం," అని ఒక ఆదివారం వచ్చాడు. అంగడిలో లైట్లు నిలబెట్టాడు, తెల్ల గొడుగు విప్పాడు. నాయన ఇస్త్రీ చొక్కా వేసుకొని కూర్చుని, అడిగినవాటికల్లా తల ఊపారు. రెండు గంటల్లో ఒక్క మాట పెగల్లేదు. "అంకుల్ కొంచెం షై అనుకుంటా," అన్నాడు మిత్రుడు, లైట్లు మడిచి పెట్టుకుంటూ.

అతను వెళ్లాక నాయన చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తూ, "నువ్వొక్కడివే అయితే... రా. ఆయప్ప... వద్దు," అన్నారు.

అలా నేను ఒక్కణ్ణే అయ్యాను. నా దగ్గర ఉన్నవి ఒక ఫోను, చొక్కాకు తగిలించే చిన్న మైకు, ఒక చెక్క స్టూలు. స్టూలు మీద రీళ్ల డబ్బాలు పేర్చి వాటి మీద ఫోను నిలబెట్టేవాణ్ణి. ఎత్తు కావాలంటే ఇంకో డబ్బా, వద్దంటే ఒకటి తీసెయ్యడం. గడప దగ్గరి వెలుగే వెలుగు. ఫోను దాని పని అది చేసుకుంటుంది కాబట్టి నేను దాని వెనక నిలబడనక్కర్లేదు. పోయి ఆయన పక్కనే కూర్చునేవాణ్ణి. తర్వాత చాలామంది, సౌకర్యం లేక ఇలా తీశారా అని జాలిగా అడిగారు. ఆ జాలి నాకు అక్కర్లేదు. ఆ గదిలో ఇంకొక మనిషి ఉండి ఉంటే ఈ సినిమాయే లేదు.

అమ్మకు ఇది నచ్చలేదు. మా ఇద్దరికీ గొంతు ఆమే. ఫోనులో సరుకు చెప్పడం, ఆసుపత్రిలో జబ్బు చెప్పడం, బడికి వచ్చి సార్లతో పోట్లాడటం, అన్నీ ఆమే చేసింది. "ఊరికంతా చూపించేదానికి ఇదేమన్నా పెండ్లా? నిన్ను ఎవురన్నా అడిగినారా?" అంది.

"ఎవురూ అడగలే. అందుకే తీ... తీస్తుండా," అన్నాను.

మొదటి ఆదివారం అంగడి తలుపు సగం తెరిచి కూర్చున్నాం. 'నాయనా, నీకు నత్తి ఎప్పటినుంచి?' అన్నది నా ప్రశ్న. అడగడానికి నాకు అర నిమిషం పట్టింది. ఆయన లేచి గుండీల డబ్బాలు సర్దుకోవడం మొదలుపెట్టారు. ఆ పూటకు అంతే. రెండో ఆదివారం కూడా డబ్బాలే సర్దారు.

మూడో ఆదివారం నేనేమీ అడగకుండానే మొదలుపెట్టారు. పెళ్లిచూపుల్లో ఆయన బదులు ఆయన అన్న మాట్లాడాడట. పిల్లవాడు నెమ్మదస్తుడు, మాట తక్కువ అనుకొని ఆడపిల్లవాళ్లు సంబరపడ్డారట. లోపలినుంచి అమ్మ ఇదంతా వింటూనే ఉంది. "మూడు దినాలు నోరు తెరవలే ఈయన. మూగాయనకు కట్టబెట్టిరేమో అనుకొంటి," అంది తలుపు దగ్గరికి వచ్చి. నవ్వుతూ అందో, కోపంగా అందో రికార్డింగు మళ్లీ మళ్లీ విన్నా నాకు తేలలేదు.

ఆ వారం తీసినదంతా ల్యాప్‌టాప్‌లో ఎడిటింగ్ చేస్తుంటే ఒక విషయం కంటబడింది. నాయన ఏదో చెప్పబోతారు, మాట ఇరుక్కుంటుంది, పక్కనుంచి ఒక గొంతు వచ్చి ఆ మాటను పూర్తి చేసేస్తుంది. అమ్మ గొంతు అనుకున్నాను. కాదు, నాది. ఒక్కసారి కాదు, చాలాసార్లు. ఒకచోట ఆయన 'ద... ద...' అంటున్నారు, నేను 'దర్జీ' అనేశాను. ఆయన ఒక్క క్షణం ఆగి, సరేనని తల ఊపి, ఎవరో దర్జీ గురించి రెండు ముక్కలు చెప్పి ఊరుకున్నారు. మరుసటి రోజు అడిగితే తెలిసింది, ఆయన చెప్పాలనుకున్నది దసరా సంగతి. చిన్నప్పుడు బడిలో దసరా పద్యం చెప్పమని నిలబెడితే జరిగిన అవమానం. జీవితమంతా ఎవరో ఒకరు నా నోట్లోంచి మాట లాక్కుంటున్నారని కుమిలిన మనిషిని నేను. అదే పని మా నాయనకు నేను చేస్తూ వచ్చాను.

తర్వాతి ఆదివారం పెదవిని పంటి కింద పెట్టుకొని కూర్చున్నాను.

"మీయమ్మను నేను... పేరు పెట్టి పిలవను. చూసినావు గదా," అన్నారు నాయన.

చూశాను. 'ఇదిగో' అంటారు, 'వింటివా' అంటారు. మా ఇళ్లలో పాత మగవాళ్లు చాలామంది అంతే కాబట్టి నాకు వింతగా తోచలేదు.

"అది పద్ధతి అని... అందరూ అనుకొనిరి. కాదు. ఆ పేరు నాకు రాదు. మొదటి అక్షరంలోనే... నిలిచిపోతుంది."

ఆయన ఫోను వైపు చూడలేదు. నా వైపు చూసి, "చెప్తా ఉండు," అన్నారు.

నలభై ఒక్క సెకన్లు. కళ్లు మూసుకున్నారు. గడ్డం ఎడమవైపు లాగింది. మెడ నరం ఉబ్బింది. బయట ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. సగం తెరిచిన తలుపులోంచి ఎవరో తొంగిచూసి, ఏమనుకున్నారో, వెళ్లిపోయారు. ఆ పేరు నా నాలుక చివరే ఉంది. నేను అందించలేదు. చివరికి ఆయనే చెప్పారు. మొత్తంగా, గట్టిగా, ఎదురింటివాళ్లకు వినబడేంతగా. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అమ్మ బయటికి రాలేదు. కాసేపటికి, "ఏమి?" అని ఒక్క మాట వినబడింది, చాలా మెల్లగా.

ఆ పేరు ఇక్కడ రాయను. నలభై ఏళ్లు గొంతులో మోసి ఆయన పలికినదాన్ని నేను ఒక్క గీతలో రాసేసి ముందుకు పోవడం న్యాయం కాదు.

ఆ మంగళవారం మీటింగులో మొదటిసారి కెమెరా వేశాను. నా వంతు రాగానే, "ఆ రోజు పో... పోయింది నెట్‌వర్క్ కాదు. నాకు నత్తి. నా మాటకు టైం పడుతుంది," అని చెప్పాను. మేనేజరు సరేనన్నాడు. ఇంకో వారానికి, నా బదులు వేరేవాళ్లు చదివితే నాకు సులువు కదా అని సలహా ఇచ్చాడు. అక్కర్లేదని చెప్పాను. ఆ తర్వాత నుంచి మీటింగు పది నిమిషాలు ఎక్కువ సాగుతోంది. సాగనీ.

నా గొంతుతోనే వ్యాఖ్యానం చేర్చాక సినిమా ముప్పై ఎనిమిది నిమిషాలు వచ్చింది. నగరంలో చిన్న సినిమాలు ఎంపిక చేసి చూపించే ఒక బృందానికి పంపాను. అందులో ఒకాయన నన్ను కాఫీకి పిలిచాడు. మర్యాదగానే మాట్లాడాడు.

"మీ కంటెంట్ చాలా హానెస్ట్‌గా ఉందండీ. కాని పాజెస్ ఎక్కువైపోయాయి. ఆ పేరు సీన్ ఐదు సెకన్లకు తెచ్చేయండి, ఎమోషన్ ఎక్కడికీ పోదు. వాయిస్ ఓవర్ కూడా వేరే వాళ్లతో చెప్పిద్దాం. నా దగ్గర మంచి గొంతులున్నాయి."

"నాకు గొంతు ఉంది," అనబోయాను. 'గ' దగ్గర ఆగిపోయింది. ఆయన సాయం చేద్దామని నా మాటను అందుకోబోయాడు. చెయ్యి అడ్డం పెట్టి ఆపాను. ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు, ఆ మాట నేనే పూర్తి చేశాను. తర్వాత, "ఒక్క సెకను కూడా తియ్యను," అన్నాను.

"అయితే సెలెక్ట్ కావడం కష్టమండీ."

"కా... కాకపోతే పోనీండి."

కాఫీ చల్లారిపోయింది. అయినా మొత్తం తాగే లేచాను.

మా దగ్గర దారాలు కొనే ఒక కుట్టుపని టీచరుకు మడివాళలో మేడ మీద హాలు ఉంది. సంగతి విని, "ఆదివారం పొద్దున క్లాసు ఉండదు, వాడుకో," అంది. కుట్టుమిషన్లు గోడవారకు జరిపి, మా అంగడిలోని తెల్ల లైనింగ్ గుడ్డే తెరగా కట్టాను. ఆమె శిష్యురాళ్లు, పక్క పీజీ హాస్టళ్లలో ఉండే అమ్మాయిలు, మా ఆఫీసువాళ్లు కొందరు, మా సందులోవాళ్లు నలుగురు వచ్చారు. నాయన, అమ్మ రెండో వరసలో కూర్చున్నారు.

పేరు సీన్ వచ్చింది. పదిహేను సెకన్లు గడిచేసరికి ముందు వరసలో ఒకతను లేచి ప్రొజెక్టరు వైపు చూస్తూ, "స్టక్ అయినట్టుంది," అన్నాడు.

"లేదు," అన్నాను వెనకనుంచి. "కూ... కూ... కూర్చోండి."

కూర్చున్నాడు. మిగతా సెకన్లు అందరూ కదలకుండా భరించారు. అమ్మ తెర వైపు చూడలేదు. పక్కనున్న నాయననే చూస్తూ ఉంది.

సినిమా అయ్యాక ఎవరైనా ఏదైనా అడగవచ్చునని చెప్పాను. ఒక పెద్దమనిషి లేచి నన్ను, "చిన్నప్పుడే ట్రీట్‌మెంట్ ఇప్పించి ఉంటే మీ ఇద్దరికీ బాగుండేది కదా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు నాయన లేచి నిలబడ్డారు. నలుగురి ముందు ఆయన మాట్లాడటం నేను ఎప్పుడూ చూడలేదు.

"వ... వ..." అన్నారు. అమ్మ పెదవులు కదిలాయి. వెంటనే అరచేత్తో తన నోరు తనే మూసుకుంది.

"వస నాకించిరి. నోట్లో గులకరాళ్లు... పెట్టిరి. పోలే. ఇప్పుడు నాకేం తొందర లే... లేదప్పా. నీకేమన్నా తొందరగా ఉండాదా?"

"లేదు సార్," అని ఆ పెద్దమనిషి కూర్చున్నాడు. హాల్లో ఎవరూ నవ్వలేదు. నాయన మాత్రం కొంచెం నవ్వి, ధోవతి సర్దుకొని కూర్చున్నారు.

అందరూ వెళ్లాక ఒక పీజీ అమ్మాయి మిగిలింది. ఆ మైకు ఎక్కడ దొరుకుతుందని అడిగింది. ఆ ప్రశ్న అడగడానికి ఆమెకు నాకంటే ఎక్కువసేపు పట్టింది. నేను నిలబడి విన్నాను.

ఇంటికి తిరిగి వస్తుంటే, మార్కెట్‌కు పోయే బస్సులో నాయన కిటికీ పక్కన కూర్చున్నారు. అమ్మ ముందు సీటులో కూర్చుంది. బస్సు కదిలాక ఆయన నా చెయ్యి తట్టారు.

"ఒకటి... తీసెయ్యి."

"ఏది నాయనా?"

"నువ్వు నా మాట... అందుకొనిన చోటు. ద... దసరాది. చూసేవాళ్లకు నువ్వు... చెడ్డోడి మాదిరి అగుపిస్తావు."

ఆ మాటలు చెప్పి ముగించేసరికి రెండు స్టాపులు దాటాయి. ఇంతకాలం నా సినిమాలో ఏది ఉంచాలో, ఏది తీయాలో ఆయన ఒక్కసారీ చెప్పలేదు. ఇప్పుడు అడిగింది కూడా తన కోసం కాదు. అయినా తల అడ్డంగా ఊపాను.

"అది ఉంటుంది నాయనా. నే... నేను చేసిందే గదా."

"నేను చెప్తుండా... గదా."

"వింటి. తియ్యను."

అమ్మ వెనక్కి తిరిగి, "నీ మొండితనమే వచ్చినాది వానికి. ఇంక అడగొద్దు," అంది. నాయన తల ఊపారు.

సినిమా ఇప్పటికీ ముప్పై ఎనిమిది నిమిషాలే. ఎవరు అడిగినా అలాగే చూపిస్తున్నాను.