నిదానంగా నడిచేవాడే ముందర

నా వంతు వచ్చేసరికి నియమం మార్చేశారు. బాగేపల్లి పక్క కొండకి అందరూ కాలినడకన ఎక్కుతూ, నన్ను మాత్రం గిన్నెలతో, చాపలతో, నీళ్ల క్యాన్లతో కలిపి జీపెక్కించారు. ఇది అన్యాయం. ఆ రోజూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

మాది రిటైరైన వాళ్ల గుంపు. చిక్కబళ్లాపురం వాళ్లు కొందరు, చింతామణి వాళ్లు కొందరు, బాగేపల్లి వాళ్లు కొందరు. వానలు వెనకపట్టాక ఏదో ఒక కొండ చూసుకుని, కిందో పైనో ఒక రాత్రి పడుకుని వస్తాం. బ్యాంకులో చేసినవాళ్లున్నారు, బడిలో చేసినవాళ్లున్నారు, ఆసుపత్రిలో చేసిన నర్సమ్మ ఒకామె ఉంది. అందరికీ పెన్షను వస్తుంది, నాకు తప్ప. చింతామణిలో మా అంగడి మూసిన రోజే నేను రిటైరయ్యాను. బడికి నేను పోయింది తక్కువ. పొట్లాలు కట్టడానికి కొన్న పాత పేపర్లలోనే తెలుగూ కన్నడా రెండూ చదవడం నేర్చుకున్నాను. చదవకుండా ఒక్క కాగితాన్నీ మడిచేవాణ్ణి కాదు. చక్కెర కోసం నిలబడినవాళ్లు తిట్టేవాళ్లు. తిడితే తిట్టారు. అలా చదివింది ఇప్పటికీ జ్ఞాపకంలోంచి పోలేదు నాకు. ఈ గుంపు మొదట్లో ఏం జరిగిందో కూడా పోలేదు. మిగతావాళ్లకి పోయినట్టుంది, అదే నా బాధ.

మొదటిసారి మేం ఎక్కింది అంబాజీదుర్గం. అప్పుడు ఇంకా అందరికీ కాళ్లలో పొగరుంది. ఆఫీసులో ఒకరి కింద ఒకరు పనిచేసినవాళ్లు కొండ మీద ఒకర్నొకరు దాటుకోవాలని చూశారు. పైకి చేరాం, బండ మీద కూర్చున్నాం, సద్ది విప్పాం. నా చేతిలో ఒక క్యారియరు మిగిలింది. అది మేష్ట్రుది. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, మోకాలు సరిగ్గా లేదు, మోయలేక క్యారియరు నాకిచ్చాడు. క్యారియరు వచ్చింది, మేష్ట్రు రాలేదు. ఆయన వెనకవాళ్లతో ఉన్నాడని ముందెక్కిన మేమూ, మాతో ఉన్నాడని వాళ్లూ అనుకున్నాం.

అందరం వెనక్కి దిగాం. దోవ తప్పి పక్క పల్లంలో ఒక బండ మీద కూర్చుని ఉన్నాడు. చెప్పులు విప్పి పక్కన పెట్టుకున్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు.

"రాండి దొరలూ, రాండి. నేనొకణ్ణి మీతో వచ్చినానని ఎవరికన్నా జ్ఞాపకం ఉండాదా?" అన్నాడు.

నేను క్యారియరు ఆయన ముందు పెట్టి అన్నాను: "ఇంగమీద నిదానంగా నడిచేవోడే ముందర నడవాల. ఆయన్ను దాటి ఎవురూ పోగూడదు."

మేష్ట్రు మూత తీసి చిత్రాన్నం చూసుకుని నవ్వాడు. "అట్లయితే మీ అందరికీ నేనే నాయకుణ్ణి."

అదే నియమం. అందరూ ఒప్పుకున్నారు. ఆ తర్వాత మేష్ట్రు ఉన్నన్నాళ్లూ ఆయనే ముందు. ఆయన ఆగితే ఆగాం, ఆయన ఉసిరికాయ కోసుకుంటే మేమూ కోసుకున్నాం. మురుగమల్ల వైపు పోయినా, తొండేభావి వైపు పోయినా అంతే. పొద్దు ముదిరి చేరిన రోజులున్నాయి. ఎండకి మాడిన రోజులున్నాయి. మనిషిని పోగొట్టుకున్న రోజు మాత్రం మళ్లీ రాలేదు.

మేష్ట్రు పోయాక ముందు నడిచింది నర్సమ్మ. మోకాలి ఆపరేషన్ చేయించుకుని, ఇక రానేమో అంటూనే వచ్చింది. ఆ ఏడు కెంచార్లహళ్ళి దగ్గర వాన పట్టుకుంటే ఒక రైతు టమోటా క్రేట్లు పేర్చుకునే షెడ్డు మాకు విడిచాడు. క్రేట్లు బోర్లించి పీటలు చేసుకున్నాం. చిక్కుడులాంటి అనపకాయల కాలం. నానబెట్టిన గింజల బకెట్టు మధ్యలో పెట్టుకుని, చుట్టూ కూర్చుని తొక్క ఊడేలా ఒక్కో గింజా పితుకుతున్నాం. మా రాత్రి మకాంలో పితికిపప్పు పులుసు, రాగిముద్ద తప్పదు. పితకనివాడికి ముద్ద లేదు, వాడు ఎంత పెద్ద ఉద్యోగం చేసి ఉన్నా సరే. గింజ జారి ఒకరి కళ్లద్దాలకి తగిలింది, పెద్ద గొడవైంది.

"నా వెనకాల నడిచి నడిచి మీకందరికీ బీపీ తగ్గిపోయిందప్పా. ఫీజు యాడ నాది?" అని నర్సమ్మ అడిగింది. ఆమె ముద్ద మీద నెయ్యి ఇంకొంచెం పోశాం.

ముందు నడవడమంటే మా గుంపులో చిన్నతనం కాదు. పెళ్లికొడుక్కి జరిగే మర్యాద అది. ఈ సంగతి తెలియని మనిషి మాకు అధ్యక్షుడయ్యాడు.

ఇంజనీరుగా రిటైరై చిక్కబళ్లాపురంలో ఇల్లు కట్టుకున్న మనిషి. నాకన్నా చాలా చిన్నవాడు. చెడ్డవాడని అనను. డేరాలు తెచ్చింది ఆయనే, మందుల పెట్టె పెట్టించింది ఆయనే. కానీ ఆయన చేతికొక గడియారం ఉంది, నడక ఎంతయిందో అది చెబుతుందట. ఈమధ్య నాకు ఊపిరి చాలడం లేదు. నర్సమ్మ కాలు బాగుపడి నన్ను దాటింది. కాబట్టి న్యాయంగా ముందు జాగా నాది. ఒక్కసారి నడిచాను. నడుస్తూ, ఏ బండ దగ్గర ఏం జరిగిందో చెప్పాను. ఎవరు జారారో, ఎవరు పామును చూసి నా భుజమెక్కారో, అదంతా చెప్పకుండా ఆ బండల్ని ఎలా దాటిపోతాను? నా వెనక అధ్యక్షుడు గడియారం చూసుకుంటూ వచ్చాడు.

బాగేపల్లి ప్రయాణానికి ముందు మా ఇంటికొచ్చి కాఫీ తాగుతూ అన్నాడు: "మీరు ఈసారి జీపులో రాండప్పా. ఎండెక్కేలోపల మేం పైకి చేరాల. మీకు ముందర సీటు పెట్టినాను."

"నియమం ఏమయింది?"

"మీ మంచికేనప్పా చెప్తాండేది."

"నా మంచి అడగలేదు. నియమం ఉండాదా, లేదా? లేదంటే లేదని చెప్పు."

కాఫీ బాగుందన్నాడు. లేచి వెళ్లిపోయాడు.

ఆ రోజు కొండ కింద మళ్లీ అడిగాను. షూ లేసు కట్టుకున్నాడు గానీ తలెత్తలేదు. నన్ను జీపెక్కించారు. నర్సమ్మ కిటికీ దగ్గరికి వచ్చి, "ఏమప్పా, గిన్నెలకి కావలా?" అంది.

"గిన్నెలే నాకు కావలమ్మా," అన్నాను. ఆమె నవ్వింది గానీ నేను నవ్వలేదు.

నియమం లేదని చెబితే ఏం చేయాలో అప్పటికే అనుకుని ఉన్నాను. ఇంటికి పోతాను, ఇంక రాను. సామాను వెంట సామానుగా మాత్రం కొండెక్కను.

జీపు దారి కొండ చుట్టూ తిరిగి, పైన మేం వంట చేసుకునే చదునుకి చేరుతుంది. నడిచే దోవ ఒక మలుపు దగ్గర దాన్ని కోసుకుని, రెండు బండల సందులోంచి పైకి పోతుంది. ఆ సందులో ఒక్క మనిషే పడతాడు. మలుపు రాగానే జీపు ఆపమన్నాను.

"యాడికప్పా?" అన్నాడు డ్రైవరు.

"నా జాగాకి."

గిన్నెలు పైకి పోయాయి. నేను కర్ర పట్టుకుని సందులోకి దూరాను. కాసేపటికి వెనక మాటలు వినబడ్డాయి.

"అప్పా! మీరు ఈడికి ఎట్లొచ్చినారు?" అధ్యక్షుడి గొంతు.

"నువ్వెక్కించిన జీపే నన్ను అందరికన్నా ముందర దించింది."

"కొంచెం పక్కకి జరగండి, మేం పోతాం."

"ఈడ పక్క యాడుండాది? నియమం ఉండాదా లేదా, చెప్పు. లేదంటే కిందికి పోతాను, దోవ మీకే వదిలేస్తాను."

నేను బండ మీద కూర్చున్నాను. కర్ర అడ్డంగా మోకాళ్ల మీద పెట్టుకున్నాను. వెనక వరసంతా ఆగిపోయింది. ఎవరో ఏమైందని అరిచారు. "పెద్దాయన కూర్చున్నాడు" అని ఇంకెవరో చెప్పారు.

నర్సమ్మ వరసలోంచి అంది: "నాకు మోకాలు కోసినప్పుడు అందరూ నా వెనకాల నడిచినారు కదా. ఆయప్పకి ఏం తక్కువ?"

"ఎండమ్మా, ఎండ!" అన్నాడు అధ్యక్షుడు.

"ఎండ నీకొక్కనికే తగలతాదా?"

వరసలో నవ్వులు లేచాయి. ఆయన టోపీ తీసి ముఖం తుడుచుకున్నాడు. గడియారం చూసుకోబోయి, చేయి దించేశాడు. నేను ఆయన ముఖంలోకే చూస్తూ కూర్చున్నాను. మా ఇంట్లో కాఫీ దగ్గర అడిగిన మాటకి జవాబు ఆ బండల సందులో వచ్చింది:

"ఉండాదప్పా, నియమం ఉండాది. లేచి ముందర నడవండి, వెనకాలే వస్తాం. ఆ బండబండకీ నిలబడి కథ చెప్పేది మాత్రం పైకి పోయి అనపకాయలు పితికేటప్పుడు పెట్టుకోండి."