గడప మీది కుండ

మొన్న మంగళవారం పొద్దున మా ఉపదేశమ్మ కన్నుమూసింది. సిద్దిపేటలో ఇల్లిల్లూ తిరిగి క్రీస్తు సంగతి చెప్పిన ముసలమ్మ. నాకూ ఆమే చెప్పింది. కబురు అందినప్పుడు నేను ఆమె ఇంటికి రెండు సందుల అవతలే ఉన్నాను. పోలేదు. ఎందుకు పోలేదో దాచి ఆమెను పొగిడితే అది అబద్ధం అవుతుంది.

మాది మగ్గం ఇల్లు. క్రీస్తును నమ్మానని చెప్పిన రోజు మా బాపు నేను కూర్చుని నేసే గుంటను మట్టితో పూడ్చేశాడు. "గీ ఇంట్ల నీకు జాగ లేదు" అన్నాడు. ఉపదేశమ్మ తన అరుగు మీద చాప పరిచింది. ఆమె పక్కన నిలబడగా, ఆమె వెళ్ళే పాత మందిరంలో పాస్టరు అయ్యగారు నా తల మీద నీళ్ళు చిలకరించారు.

తరువాత కరపత్రాలు చేతికొచ్చాయి. నిండా మునిగితేనే బాప్తిస్మమని, చిలకరింపు మనుషుల కల్పన అని వాటిలో చదివాను. నెత్తురు ఉడికింది. నిరుడు ఒక ఆదివారం ఆరాధన మధ్యలో లేచి, "ఈడ ఒక్కరికి గూడ బాప్తిస్మం కాలే" అని అరిచాను. చెరువులో ముంచే కొత్త మందిరంలో చేరాను. మునిగిన రోజు తడిబట్టలతోనే ఆమె ముందు నిలబడ్డాను.

"ఇప్పుడే అవ్వా, నేను నిజంగ క్రైస్తవుణ్ణైన!"

"మంచిదే బిడ్డా. ముందుగాల తల తుడుచుకో, సలిగాలి."

"నీ బాప్తిస్మం చెల్లదు!"

"చెల్లకుంటే ప్రభువే చెప్తడు గని, నువ్వెందుకు గింత ఒర్రుతున్నవ్? ఆయినకు చెవుడా?"

అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు నవ్వొస్తుంది.

పొయ్యి మీద ఎసరు పెట్టగానే ఆమె ఒక పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేది. మా క్రైస్తవుల ఇళ్ళలో ఆడవాళ్ళందరూ చేసేదే, మందిరంలో అర్పించడానికి. ఎక్కడో దూరాన జరుగుతున్న యుద్ధం వల్ల బియ్యం కరువైనాక జొన్నలు వేసింది. పిడికిలి మాత్రం చిన్నది చేసుకోలేదు.

ఆమెకు జ్వరమని తెలిసి, ఆమె చనిపోవడానికి ముందటి శుక్రవారం వెళ్ళాను. గడప దాటలేదు. పాత మందిరం వాళ్ళతో కలిసి ప్రార్థించనని, తిననని మా సంఘపెద్దకు మాటిచ్చాను. నా తిండీ పడకా ఆయన ఇంట్లోనే. ఆమె కళ్ళు మూసి ప్రార్థన చేసి, రొట్టె సగం తుంచి నా వైపు చాచింది. నేను చేయి చాచలేదు.

"గిది జొన్నరొట్టె బిడ్డా, గుడిల పంచే ప్రభువు బల్ల రొట్టె గాదు."

"ఎరుకే."

"ఆకలైతలేదా మరి?"

అవుతోంది. ఆ సగం ముక్క ఒడిలో పెట్టుకుని తనూ తినకుండా కూర్చుంది.

ఆమెను సమాధి చేసేటప్పుడు శ్మశానం గోడ బయట నిలబడ్డాను. లోపల పాడుతున్న పాట ఆమె నేర్పిందే. నోరు తెరవలేదు. లోపలికి పోతే కొత్త మందిరం తలుపు మూసుకుంటుంది. పాత మందిరంలో నా అరుపు ఎవరూ మరిచిపోలేదు. ఇంటి దగ్గర గుంట పూడిపోయి ఉంది. సత్యం కోసం తెగించాననుకున్నాను. చూస్తే నలుదిక్కులా గోడలే కట్టుకున్నాను.

నిన్న ఆదివారం ఉపదేశమ్మ పక్కింటావిడ నెత్తి మీద ఒక కుండ మోసుకొచ్చి మా కొత్త మందిరం గడప మీద దించింది.

"ఉపదేశమ్మ ఇంట్ల రెండు కుండలున్నయి. ఒకటి వాళ్ళ గుడికిచ్చిన. గిది మీ గుడికట. ఈ పిలగాడు మీ దిక్కు వచ్చినప్పటి సంది దీంట్ల గూడ పిడికెడు ఏస్తుండె. 'వాడు గాడ గూడ తినాలె గద' అనేది. మీరు తీసుకోరని ఆమె ఇన్ని దినాలు తేలే."

సంఘపెద్ద ముఖం ముడుచుకున్నాడు. "వాళ్ళ గింజలు మనకొద్దు. బయట పెట్టిరా పో" అన్నాడు నాతో.

కుండ ఎత్తాను. లోపలికి తేలేకపోయాను, బయట పెట్టలేకపోయాను. ఒళ్ళో పెట్టుకుని గడప మీదే కూలబడ్డాను. లోపల ప్రార్థన మొదలైంది. కుండలో చేయి పెట్టాను. పైన జొన్నలు, పురుగు పట్టకుండా వేసిన ఎండు వేపాకు, ఇంకా కిందికి పోతే చల్లగా, నున్నగా, కరువు రాకముందు వేసిన బియ్యం.