దించేవాళ్ళు లేని గంప

చేపల గంప ఎత్తాలన్నా దించాలన్నా రెండో మనిషి కావాలి. ఒక్కతే దించబోయిందా, చేపలు రోడ్డు మీద, మనిషి చేపల మీద. అందుకే పెద్దింట్లమ్మ ప్రతి గుమ్మం ముందూ "ఓ చెయ్యెయ్యండమ్మా!" అని కేకేస్తుంది. ఆ చెయ్యి వెయ్యడానికి ఒక కట్టుబాటు పెట్టింది. గంప దించిన ఇంటివాళ్ళు గుప్పెడు మెత్తళ్ళైనా కొనాలి. కొనకుండా ఎత్తి పంపిస్తే ఆ రోజు బేరం బోర్లా పడుతుందని ఆవిడ నమ్మకం. రామచంద్రపురం మిషన్‌పేటలో అలా చేసిన ఓ కొత్త కోడల్ని వీధంతా వినేలా దులిపేసింది కూడా. అప్పట్నించీ కొనేవాళ్ళే బయటికొస్తారు.

మొగుడు పోయాడు, పిల్లల్లేరు. పొద్దున్నే యానాంలో చేపలు వేసుకుని ఆటోలో వచ్చి, ఆ పేటలో తిరిగి అమ్ముకోవడమే బతుకు. అమ్మేది చేపలే గాని, సాయంత్రం ఇంటికి పట్టుకెళ్ళేది కబుర్లు.

అరికాల్లో ఆనికాయ లేచి అడుగు వెయ్యలేకపోతే పెద్దాసుపత్రిలో కోసి తీసేశారు. కొన్నాళ్ళు బరువు మొయ్యొద్దన్నాడు డాక్టరు.

"నేను మోసేది నెత్తిమీదండి, కాలి మీద కాదు కదా!" అంది.

డాక్టరు నవ్వాడు గాని ఒప్పుకోలేదు. చిన్న ఆపరేషనే. చిన్నది కాబట్టే చూడ్డానికి ఎవరూ రాలేదు. పెద్దదైతే బత్తాయిలు పట్టుకొచ్చేవారేమో. తోడికోడలు గుమ్మంలో కేరేజీ పెట్టి వెళ్ళిపోయేది. పెద్దింట్లమ్మ మంచమ్మీద పడుకుని, తను తిరిగే ఇళ్ళన్నీ వరసగా తలుచుకునేది. వాళ్ళూ తలుచుకుంటున్నారనే అనుకుంది, పిచ్చిది.

పుండు మానగానే మెత్తటి చెప్పులు కొనుక్కుని బయల్దేరింది. ఆటో అతను గంప ఆవిడ నెత్తికెత్తి వెళ్ళిపోయాడు. మొదటి ఇంట్లో కృపారాణి కిటికీలోంచే పలకరించింది.

"ఏంటమ్మా, కనపడ్డం మానేశావు? కాలికేదో అయిందంట కదా, తగ్గిందా?"

"తగ్గిందండి. ఓ చెయ్యెయ్యండి, మంచి చందువాలున్నాయి."

"అయ్యో, సురేష్‌బాబు ఇచ్చి వెళ్ళాడమ్మా. ఫోన్ చేస్తే కోసి, కడిగి మరీ తెస్తున్నాడు."

సురేష్‌బాబు బండికి ఐసుపెట్టె కట్టుకుని చేపలమ్మే మనిషి. అతన్ని తిట్టుకోవడానికీ లేదు, ఎవరి పొట్ట వాళ్ళది. కానీ వీధి వీధంతా అదే మాట. అందరూ కాలు తగ్గిందా అని అడిగినవాళ్ళే. కొననప్పుడు గంప దించకూడదని ఎరిగినవాళ్ళే. ఒక్కరూ గుమ్మం దిగలేదు. ఆవిడ పెట్టిన కట్టుబాటు ఆవిడ మెడమీదే కూర్చుంది. మెడ పట్టేసింది, కోసిన చోట మళ్ళీ సలపరం మొదలైంది.

చివరిల్లు హెలెన్ టీచరు గారిది. లోపల్నించి చేపల పులుసు వాసన వస్తోంది. ఆవిడ తలుపు తీసి, గంపని చూసి, నొచ్చుకుంటూ గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఇవాళ తీసేసుకున్నానే, పెద్దింట్లమ్మా..."

"కొనొద్దండి టీచరు గారూ. ఊరికే దించండి. రెండు మాటలు మాటాడండి చాలు. మనిషితో మాటాడి చాన్నాళ్ళయిందండి."

హెలెన్ గారు మెట్లు దిగొచ్చి చెయ్యేశారు. గంప నేలకి దిగింది. బేరం లేదు కాబట్టి ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలీలేదు.

"ఏదీ, కాలు చూపించు," అన్నారు హెలెన్ గారు.

పొద్దుట్నించీ తగ్గిందా అని అడిగారు గాని, చూపించమన్నవాళ్ళు లేరు. పెద్దింట్లమ్మ చెప్పు విప్పబోయి, అలాగే మెట్టు మీద కూలబడి ఏడ్చేసింది.