రెండు చేతుల మేత

మా చెల్లెలి భర్తది క్లినిక్కుల్లో, హోటళ్లలో ఉప్పునీటి అక్వేరియాలు శుభ్రం చేసే పని. ఒక చుక్క నాలుక మీద వేసుకుని ఉప్పెంతుందో చెప్పేస్తాడని పుకారు పుట్టించింది నేనే. ఉప్పుబావ అని పేరు పెట్టిందీ నేనే. నిజానికి కొలిచే సాధనం లేనిదే అతను తొట్టిలో వేలు కూడా పెట్టడు.

ఇంట్లో ఉన్నది ఒక్కటే తొట్టి, అది కూతురిది. గోరంత బతికున్న పగడపు ముక్క తెచ్చి రాతికి అంటించింది ఆ పిల్ల. అది అరచేయంత అయ్యేసరికి జ్వరం వచ్చి పిల్ల పోయింది. ముందే ఆసుపత్రికి తీసుకెళ్లి ఉంటే అని భార్యాభర్తలు ఒకరినొకరు ఒకే ఒక్కసారి నిందించుకున్నారు. అంతే, మాటలు ఆగిపోయాయి. "అన్నయ్యా, గ్యాస్ అయిపోయిందని ఆయనకి చెప్పు" అని చెల్లెలు నాకు ఫోన్ చేసేది. ఆయన పక్కగదిలోనే ఉండేవాడు.

కొన్నాళ్లకు తొట్టిలో జుట్టులాంటి పచ్చటి నాచు పుట్టింది. ఉప్పుబావ పాత టూత్‌బ్రష్‌తో రాళ్లు తోమాడు. వారం వారం నీళ్లు మార్చాడు. లైట్లు తగ్గించాడు, నాచు మేసే నత్తల్ని తెచ్చి వేశాడు. అయినా పరీక్ష గొట్టంలో నీళ్లు ముదురు రంగుకే తిరిగేవి. కుళ్లిన మేత నాచుకి ఎరువవుతోందన్నమాట.

"రోజుకి చిటికెడే మేత వేస్తున్నా బావా. ఇంత ఎరువు ఎక్కణ్ణుంచి వస్తోంది?" అని నన్నడిగాడు.

"నీకు తెలియకుండా చేపలు వ్యవసాయం మొదలెట్టాయేమో."

అతను నవ్వలేదు. అప్పటికే నాచు పగడాన్ని సగం కప్పేసింది.

ఒక మధ్యాహ్నం నేను వెళ్లేసరికి చెల్లెలు తొట్టిలో మేత వేస్తోంది.

"రోజూ నువ్వే వేస్తావా?"

"ఇంకెవరేస్తారన్నయ్యా? ఊళ్లో తొట్లన్నీ కడుగుతారు గానీ, బిడ్డ పెంచిన చేపల ఆకలి ఆయనకేం పట్టింది? అందుకే ఇంకో గుప్పెడు ఎక్కువే వేస్తున్నా."

అప్పుడే లోపలికొచ్చిన ఉప్పుబావ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"పొద్దున్నే నేను వేసి వెళ్తున్నా కదే..." అన్నాడు, నాతో కాదు, ఆమెతో.

ఆమె పిడికిలి ముడుచుకుంది.

ఇద్దరూ మోచేతుల దాకా చేతులు పెట్టి నాచు లాగారు. కింద పగడం సున్నంలా తెల్లబడి ఉంది.

"అడుగున ఎక్కడైనా రంగు, ప్రాణం మిగిలుందేమో చూడండి."

అతను భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.

"లేదే."

ఆమె తడిచేతులతోనే అతని చొక్కా పట్టుకుని ఏడ్చింది. అతనూ ఏడ్చాడు. పిల్ల పోయిన రోజు ఇద్దరూ వేర్వేరు గదుల్లో ఏడ్చారు.